ఇయ్యాల ఏడుద్దమా, నవ్వుదమా

మా చెల్లె మనవరాలు హనుమకొండలో కాలేజీకి పోతూ నా దగ్గరే ఉంటుంది. మొన్న పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని గదిలోకి పోతే, అది అద్దం ముందు నిలబడి నవ్వుతోంది. ఒకసారి పెదవులు మూసి, ఒకసారి పళ్లన్నీ కనబడేలా. ఫోటోల పిచ్చేమో అనుకున్నాను. కాదట, నవ్వడం నేర్చుకుంటోందట.

దాని దోస్తు ఒకమ్మాయి దవాఖానలో ఉంది. రక్తానికి సంబంధించిన పెద్ద జబ్బు. చూడటానికి పోవాలి, పోతే ఏం మాట్లాడాలో తెలియదు. పోకుండా ఉండటానికి మనసొప్పదు.

"ఆమె ముందట ఏడ్వొద్దంట పెద్దమ్మమ్మా. జబ్బు మాటే ఎత్తొద్దంట. నవ్వించాల్నంట. అందుకే ఫోన్ల జోకులు చూసి పెట్టుకున్న. చాక్లెట్లు కొన్న. గిట్ల నవ్వితె సరిపోతదా, చూడు" అని నా వైపు తిరిగి పళ్లు చూపించింది.

దానికి ముందు పళ్ల మధ్య సందు ఉంది. తీగ కట్టించుకుని దాన్ని మూయించుకుంటానని ఏడాదిగా నా ప్రాణం తోడేస్తోంది. వద్దంటే వద్దన్నాను. ఎందుకని అడిగితే ఏదో ఒకటి కసురుతాను. ముసలిదానికి మొండితనం ఎక్కువని వాళ్లమ్మకు ఫోన్లో చెబుతుంటే నా చెవిన పడింది. పడితే పడిందిలే.

"గా నవ్వు చూస్తె ఆ పిల్లకు లేని జరం గూడ వస్తది" అన్నాను. మొహం మాడ్చుకుంది. "కూసో. చాయ్ తాగు. ఒక ముచ్చట చెప్త, ఇన్నంక పో" అని మంచం మీద కూర్చోబెట్టాను. దానికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

మా ఊరు జనగామ నుంచి మానుకోట పోయే దిక్కున, బాటకు ఎడంగా, గుట్టల పక్కన ఉండేది. నాకు అప్పుడు పదేళ్లుంటాయేమో. నిజాం మీద, దొరల మీద జనం తిరగబడ్డ సంఘం రోజులు. గడికి తాళం వేసి దొర పట్నం వెళ్లిపోయాడు. గుట్ట మీద సంఘం మనుషులు వడిసెలలతో కాపలా కాసేవాళ్లు. రజాకార్లు వస్తున్నట్టు కనబడితే డప్పు మోగేది. డప్పు వినబడితే పొయ్యి మీద కుండను అట్లాగే వదిలేసి జొన్న చేలల్లోకి ఉరకాలి. పెద్దవాళ్లకు అది గుండెల్లో దడ. మాకు మాత్రం, నిజం చెప్పాలంటే, చేలో దాక్కోవడం సగం ఆటే. లేత కంకులు చేతికందేంత దూరంలో ఉంటే భయం ఎంతసేపుంటుంది?

మా మేనత్త, నాయిన చెల్లెలు, ఆ రోజుల్లోనే మా ఇంటికి వచ్చింది. మామ సంఘంలో చేరి అడవికి పోయాడు. ఆ కోపంతో రజాకార్లు వాళ్ల ఇల్లు తగలబెట్టారు. కట్టుబట్టలతో, చంకలో బిడ్డతో అత్త మా వాకిట్లో నిలబడటం నాకు గుర్తుంది. ఏడవలేదు. "వదినె, అన్నం వండినవా? బిడ్డకు ఆకలైతంది" అంది మా అమ్మతో, ఎప్పుడూ పండక్కి వచ్చినట్టే.

అత్త ఉంటే ఇల్లంతా సందడి. మాటకు మాట అంటించేది. ముందు పళ్ల మధ్య సందు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె బియ్యప్పిండి గిన్నెకు అద్ది సర్వపిండి పెడితే నువ్వులు వేగిన వాసన వీధి చివరికి పోయేది. గిన్నె అడుగున మాడిన ముక్క కోసం నేనూ అన్నా కొట్టుకుంటుంటే, ఆ ముక్కను తనే నోట్లో వేసుకుని "ఇగ కొట్లాట ఒడిసింది" అనేది.

అట్లాంటి మనిషి వానాకాలం పోయేసరికి మంచం పట్టింది. కడుపులో గడ్డ. తిన్నది ఇమడదు. నాయిన బండి కట్టుకుని జనగామ పోయి, అక్కడ రైలెక్కించి పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగొచ్చాక పశువుల కొట్టం వెనక్కి అమ్మను పిలిచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారని, ఏదడిగితే అది పెట్టమన్నారని చెప్పాడు. మేము గడ్డివాము చాటున ఉన్నాం. సీతాఫలాలు మాగేయడానికి గడ్డిలో గుంత తీస్తున్నాం. నాయిన తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకోవడం ఆ గడ్డి సందుల్లోంచే చూశాను. కురవి వీరన్నకు మొక్కు మొక్కి, ఆ తలగుడ్డతోనే మొహం తుడుచుకుని ఇంట్లోకి నడిచాడు.

ఆ సాయంత్రమే అమ్మ మమ్మల్ని పిలిచి కట్టడి చేసింది. "అత్త ముందట ఎవ్వలన్న కండ్లల్ల నీల్లు పెట్టిన్రనుకో, వీపు సాపైతది. నయమైతది, నయమైతది అనుండ్రి. నవ్విపియ్యుండ్రి. ఎరుకైందా?"

అమ్మ మంచికే చెప్పింది. ఆమెకు తెలిసిన మంచి అదే. ఊరంతా కూడా అదే పాటించింది. చూడటానికి వచ్చినవాళ్లు గడప బయట కళ్లు తుడుచుకుని, లోపలికి వచ్చి "ఏం పిల్లా, గింత దానికే పండుకున్నవా" అని నవ్వి, మళ్లీ బయటికి పోయి ముక్కు చీదేవాళ్లు. ఆ చీదడం లోపలికి వినబడుతుందని ఎవరికీ తోచలేదు.

మేము ఊరుకుంటామా! అన్నకు అప్పటికి మీసం రావాలా వద్దా అన్నట్టుండేది. గడి ముందు జవాను నడిచే నడక, దొర చుట్ట తాగుతూ దగ్గే దగ్గు, పట్వారి ముక్కుతో మాట్లాడటం అన్నీ చేసి చూపించేవాడు. నేను వాడి వెనక గాడిదనో గుర్రమో అయ్యేదాన్ని. పచ్చజొన్న కంకులు కాల్చి, నలిచి, ఊసబియ్యం వేడివేడిగా అత్త అరచేతిలో పోసేవాళ్లం. తినలేకపోయినా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. పడుకుని పడుకుని నులక మంచం కుంగిపోయేది. నడుము నొప్పి పెడుతుందని కాళ్లవైపు తాళ్లు లాగి బిగించడం నాయిన మాకు నేర్పాడు. అత్తను చాప మీదికి దించి, మంచం బిగించి, మళ్లీ ఎక్కించడం మా ఇద్దరి పని.

మొదట్లో అత్త నవ్వేది. తర్వాత మా కోసం నవ్వేది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. అన్న ఎంత బాగా దగ్గినా ఇటు తిరిగేది కాదు. మేము ఇంకా గట్టిగా గంతులేసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం నేను విసనకర్రతో విసురుతుంటే, పక్కన నిద్రపోతున్న బిడ్డ తల నిమురుతూ "నేను పోయినంక గీ పిల్ల..." అని మొదలుపెట్టింది. నేను చటుక్కున ఆమె నోటి మీద చెయ్యి పెట్టాను. "గట్ల అనొద్దత్తా. నీకు నయమైతది" అన్నాను, అమ్మ చెప్పినట్టే, నవ్వుతూ. అత్త నా చెయ్యి తీసి పక్కన పెట్టి కళ్లు మూసుకుంది. తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అసలు మాటలే తగ్గించింది. గంజి కూడా వద్దనడం మొదలుపెట్టింది.

డప్పు మోగింది ఆ రోజుల్లోనే. పొద్దెక్కింది, ఎండ ఇంకా ముదరలేదు. ఈసారి చేలల్లో దాక్కుంటే చాలదన్నారు. పక్క ఊళ్లో పంట చేలకు కూడా నిప్పు పెట్టారని కబురు. గుట్టల అవతల లంబాడి తండాకు పోవాలన్నాడు నాయిన.

"నన్ను ఇడిసిపెట్టి పోండ్రి అన్నా. నాతోని మీరు గూడ ఆగమైతరు" అంది అత్త. చాలా రోజుల తర్వాత ఆమె గట్టిగా అన్న మాట అదే.

"నోర్ముయ్" అన్నాడు నాయిన. చెల్లెలిని ఆయన అట్లా కసరడం నేనెప్పుడూ వినలేదు. మంచం తిరగేసి, నాలుగు కాళ్లకు తాళ్లు కట్టి, ఆ తాళ్లను పొడుగు వెదురు బొంగుకు ముడివేశాడు. గొంగడి పరిచి అత్తను పడుకోబెట్టారు. బొంగు ముందు కొస నాయిన భుజం మీద, వెనక కొస అన్న భుజం మీద. అమ్మ నెత్తిన జొన్నపిండి మూట. బిడ్డ నా చంకలో. అది నాకు బరువే, కానీ దారి పొడుగునా నా చెవి తమ్మె పట్టుకుని ఊరుకుంది పాపం.

తండా చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ తండాలో అత్తకు ఒక స్నేహితురాలు ఉంది, మా మాటలో సోపతి. పెళ్లి కాకముందు నుంచీ నెయ్యి అమ్మడానికి మా ఇంటికి వచ్చేది. ఇద్దరికీ ఒకే ఈడు. ఒకరినొకరు బాయీ అని పిలుచుకునేవాళ్లు. ఆ మాటకు వాళ్ల భాషలో అక్కచెల్లెలు అని అర్థం. బాటలు బందయ్యాక ఆమె మా ఊరు రాలేదు, అత్త జబ్బు సంగతి ఆమెకు తెలియదు.

మంచం దించగానే ఆమె గుడిసెలోంచి వచ్చింది. అద్దాల లంగా, మోచేతుల పైదాకా తెల్ల గాజులు. అత్తను చూసింది. వంగి, రెండు చేతులతో అత్త మెడను చుట్టేసి, తన పైట ఇద్దరి తలల మీదా కప్పి, రాగం తీసి ఏడుపు మొదలుపెట్టింది. చుట్టుపక్కల గుడిసెల్లోంచి ఆడవాళ్లు వచ్చి, కూర్చుని, వాళ్లూ ఆ రాగం అందుకున్నారు.

మా ఊళ్లో అట్లా రాగం తీసి ఏడ్చేది ఒక్క చావుకే. అత్త చచ్చిపోయిందనుకుంటున్నారు వీళ్లు! లేదా పోతుందని ఆమె మొహం మీదే చెబుతున్నారు! ఇన్నాళ్లూ అమ్మ, నేను, అన్న, ఊరంతా కాపాడుకుంటూ వచ్చింది ఒక్క నిమిషంలో పాడు చేస్తున్నారు. బిడ్డను కింద దించి, పోయి ఆమె లంగా పట్టి గుంజాను. అద్దమొకటి ఊడి నా చేతిలోకి వచ్చింది.

"ఏడ్వకు! మా అత్తకు నయమైతది! ఏడ్వొద్దన్నది మా అమ్మ!" అని అరిచాను.

వాళ్లంతా నన్ను వింతగా చూశారు. వాళ్లలో ఒక ముసలామె నన్ను పక్కకు లాక్కుని కూర్చోబెట్టుకుంది. మా మాట ఆమెకు కాస్త వచ్చు.

"బిడ్డా, సచ్చిందని కాదు ఏడ్చుడు. శాన దినాలకు సుట్టం వస్తె మేం గిట్లనే పట్టుకొని ఏడుస్తం. నీకేం కష్టమొచ్చింది, నాకేం కష్టమొచ్చింది అని ఏడుపులనే చెప్పుకుంటం. ఏడ్వకపోతె ఆమె పరాయిది అన్నట్టు. మీ తాన ఎట్ల? కష్టంల ఉన్నోల్లు వస్తె నవ్వుతరా?"

అమ్మ వైపు చూశాను. అమ్మ నెత్తి మీద మూట దించడం కూడా మరిచిపోయి అట్లాగే నిలబడింది.

అప్పుడు చూశాను అత్త చేతులను. అంతసేపూ కట్టెల్లా పక్కన పడి ఉన్నవి మెల్లగా లేచి సోపతి వీపును పట్టుకున్నాయి. ఆ పైట కిందనుంచి అత్త గొంతు వచ్చింది. మొదట మూలుగులా, తర్వాత మాటలుగా. ఆమెకు వాళ్ల రాగం రాదు. వచ్చినట్టు ఏడ్చింది.

"నేను బతుక బాయీ! నాకెరికే! అందరు నయమైతదంటున్నరు, నాకు భయమైతందని ఎవ్వలకు చెప్పాలె? గోడకు చెప్పుకున్న. ఆయన ఉన్నడో లేడో తెల్వది. నా బిడ్డను ఎవలు సాదుతరు? దానికి ఆకలైతె నోరిడిసి అడుగుడు గూడ రాదు బాయీ..."

ఎన్ని రోజులుగా ఆ మాట గొంతులో పట్టుకుని పడుకుందో! మేము గంతులేసినన్ని రోజులూ అది అక్కడే ఉంది.

అమ్మ మూట కింద పడేసి వచ్చి మంచం పక్కన కూలబడింది. తనే పెట్టిన కట్టడిని తనే తెంచుకుని బోరుమంది. అత్త చెయ్యి పట్టుకుని, "నేను లేనా పిల్లా? నేను సచ్చిన్నా? నీ బిడ్డను నేను సాదుత" అంది.

పక్కనున్న ఒకామె కళ్లు తుడుచుకుంటూ, "మేనకోడలే కదా, రేపు నీ కొడుక్కే చేసుకుంటవు" అంది. మాలోనూ అది మామూలు మాటే. మేనత్త బిడ్డంటే అన్నకు మరదలు, వరసైనది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "కోడలిగ కాదు. బిడ్డగ. నా కడుపున పుట్టినట్టు. ఇయ్యాల్టి సంది అది వీనికి చెల్లె, దీనికి చెల్లె" అని మా ఇద్దరినీ చూపించింది.

ఇక్కడ మా పిల్ల చాయ్ గ్లాసు కింద పెట్టింది. "అంటె... మా అమ్మమ్మా?"

"మీ అమ్మమ్మే."

"మాకెవ్వలు చెప్పలేదేంది?"

దాచింది కాదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. మా అమ్మ అంత పక్కాగా సాదింది. అన్న పెళ్లిలో ఆడబిడ్డ కట్నం కోసం నాతో సమానంగా గుమ్మం పట్టుకుని కూర్చుంది అది. మామ అడవి నుంచి తిరిగి రాలేదు. ఆమె ఎవరి బిడ్డ అని ఊళ్లో అడిగేవాళ్లు కూడా మెల్లగా లేకుండా పోయారు.

సరే, ఆ రోజు సంగతి. ఏడుపు అయిపోయాక అత్త కళ్లు తుడుచుకుని, "ఆకలైతంది" అంది. మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. సోపతి ఉరికిపోయి గిన్నెలో పాలు, అందులో నలిచిన జొన్నరొట్టె తెచ్చింది. నాలుగు ముద్దలు తిని, ఎండలోనే నిద్రపోయింది. గురక పెట్టింది కూడా. అన్న గొంగడి ఎత్తి పట్టుకుని, ఆమె లేచేదాకా నీడగా నిలబడ్డాడు.

ఊరికి పోవడానికి వీలుకాక చలికాలమంతా ఆ తండాలోనే ఉన్నాం. తిండి వాళ్లది, గుడిసె వాళ్లది. ఏ చుట్టరికమూ లేని మమ్మల్ని వాళ్లు సాకారు. ఇవాళ్టికీ అద్దాల లంగా కట్టిన ముసలామె ఎవరైనా బస్సులో ఎక్కితే నేను లేచి సీటిస్తాను. కండక్టరు నా నెత్తి మీది తెల్లవెంట్రుకలు చూసి నవ్వుతాడు, నవ్వనీ.

అప్పటి నుంచి అత్త దగ్గర మా తీరు మారింది. పొద్దున లేవగానే నేను మంచం పక్కన నేల మీద కూర్చుని అడిగేదాన్ని.

"ఇయ్యాల ఏడుద్దమా, నవ్వుదమా అత్తా?"

మొదటిసారి అడిగినప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచి, సందు పళ్లతో ఫక్కున నవ్వింది. "రెండు జేద్దాం తియ్" అంది. కొన్ని రోజులు ఏడుద్దామనేది. అప్పుడు మామ గురించి చెప్పేది, నొప్పి ఎట్లా ఉందో చెప్పేది. నేను ఏమీ అనేదాన్ని కాదు, అనడానికి నాకేం తెలుసు? చెయ్యి పట్టుకుని వినేదాన్ని, ఏడుపొస్తే ఏడ్చేదాన్ని. కొన్ని రోజులు నవ్వుదామనేది. అప్పుడు అన్నను పిలిచేవాళ్లం. వాడి దొర దగ్గుకు తండా పిల్లలంతా పడీపడీ నవ్వేవాళ్లు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు చెల్లెను ఎత్తుకుని దూరంగా పొమ్మనేది. తగ్గాక తెమ్మనేది. ఎప్పుడు తేవాలో మొహం చూస్తే తెలిసిపోయేది నాకు.

పోవడం గురించి మాట్లాడొచ్చని తెలిశాక ఆమెకు ఎంత పని గుర్తొచ్చిందో! బిడ్డ పుట్టువెంట్రుకలు కురవిలోనే తీయించాలంది. దానికి నిద్ర రావాలంటే ఎవరి చెవి తమ్మె అయినా చేతికివ్వాలని అమ్మకు చెప్పింది. నాకు సర్వపిండి నేర్పింది. మంచం మీద పడుకునే, పక్కన నా చేత పిండి కలిపించేది. "నీల్లు ఒక్కసారె పొయ్యకు. నువ్వులేసేటప్పుడు చెయ్యి బిగవట్టకు, మీ అమ్మ లెక్క" అని గుసగుసగా అనేది. మొదటిది మాడ్చాను. "నీకు మాడిందే ఇష్టం కదా అత్తా" అంటే, ఆ మాడిన ముక్కే అడిగి నోట్లో పెట్టుకుంది. నమలలేదు. వాసన చప్పరించి తీసేసింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఎప్పటిలాగే అడిగాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల రెండు వద్దు బిడ్డా. ఊకె కూసో" అంది.

ఊరికే కూర్చున్నాను. చెల్లె వచ్చి నా ఒళ్లో పడుకుంది. సోపతి వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. ఎండ గుడిసె గడప దాటి మంచం కోడు దాకా వచ్చింది. అత్త చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆ చెయ్యి ఎప్పుడు చల్లబడిందో నాకు తెలియనే లేదు. అంత నెమ్మదిగా పోయింది. నాకు భయం వేయలేదు. మనిషి పక్కన ఎట్లా కూర్చోవాలో నాకు నేర్పి పోయింది మా అత్త. తర్వాత నాయిన పోయినప్పుడు, అమ్మ పోయినప్పుడు, మా ఆయన పోయినప్పుడు ఆ కూర్చోవడమే నాకు అక్కరకు వచ్చింది.

మా పిల్ల లేచి దవాఖానకు పోయింది. చాక్లెట్లు బల్ల మీదే మరిచిపోయింది.

సాయంత్రం వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, కాటుక చెంపల మీదికి కారింది.

"జోకులు చెప్పినవా?" అన్నాను.

"ఒక్కటి గూడ చెప్పలే. పోంగనే అడిగిన, ఏడుద్దమా నవ్వుదమా అని. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఎన్కసిరి పట్టుకొని ఒకటే ఏడుపు. ఇన్ని దినాలు ఎవ్వల ముందట ఏడ్వలేదంట పెద్దమ్మమ్మా. వాల్లమ్మ బాధపడ్తదని. మల్ల మస్తు నవ్వినం గూడ. నర్సు వచ్చి తిట్టింది. రేపు గూడ రమ్మన్నది."

"ఏమన్న అడిగిందా?"

"సర్వపిండి."

పిండి తీశాను. అది పక్కన కూర్చుని నువ్వుల డబ్బా మూత తీసింది. నాలుక కొసతో ముందు పళ్ల సందును తడుముకుంది.

"పెద్దమ్మమ్మా, గిది ఆమెదేనా?"

ఆమెను కళ్లారా చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

"ఆమెదే బిడ్డా. ఉండనియ్యి" అన్నాను.

నువ్వులు దోసిలి నిండా తీసి పిండిలో పోసింది. చెయ్యి బిగపట్టలేదు.